చేపల మూలలో సిమెంటు డాల్ఫిన్

సముద్ర దినోత్సవం అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ ఏమీ అనుకోవద్దు. సముద్రం మీద నాకేం కోపం లేదు. దానికో రోజు పెట్టి, బ్యానర్లు కట్టి, పసిపిల్లల మొహాలకి నీలం రంగు పూసి, ఒకళ్లకొకళ్లు శాలువాలు కప్పుకుని ఫొటోలు దిగే పెద్దమనుషులున్నారే, వాళ్ల మీద నా కోపమంతా. ఆ కోపం నాకు ఒక మనిషి వల్ల వచ్చింది. ఆ మనిషి పోయిందని మొన్న తెలిసింది.

ఇప్పుడు నేనుంటున్న గాజువాకలో మా వీధి చివర ఒకామె చేపలమ్ముతుంది. మాది చోడవరమని తెలిసిన దగ్గర్నుంచి "మాయమ్మ మీ ఊళ్లోనే కదమ్మా అమ్మేది" అంటూ నాతో మాట కలిపేది. మొన్న నా సంచిలో కవళ్ల చేపలు వేస్తూ, తల ఎత్తకుండా "మాయమ్మ పోయింది టీచరమ్మా" అంది. ఎలా అని అడిగితే "ముసిల్దయిపోనాది కదా" అని ఊరుకుంది. నేను కవళ్లు ఇంటికి తెచ్చి, గిన్నెలో పడేసి, వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది.

ఆ పోయినావిడ పేరు రాయను. రాస్తే ఆవిడకే నచ్చదు. ఎవరైనా పేరడిగితే "నా పేరుతో నీకేటి పని? సేప పేరడుగు, సెప్తాను" అనేది. అచ్యుతాపురం అవతల సముద్రపు ఒడ్డున ఏదో పల్లె వాళ్లది. తెల్లారగట్ల బయల్దేరి, అనకాపల్లిలో బస్సు మారి, ఎండ ముదరక ముందే చోడవరం బస్టాండులో దిగేది. గంప బస్సు టాపు మీద ఉండేది. అందులోంచి కారిన నీళ్లు కిటికీల మీదుగా లోపలికి చుక్కలు పడేవి. కండక్టరు రోజూ అరిచేవాడు. "నీ బస్సు డీజిలు కంపు నాను దినమూ పీలస్తన్నాను కదా, నా సేప కంపు నువ్వు ఓ గంట పీల్సలేవా?" అని ఆవిడ రోజూ అరిచేది. చెరకు ట్రాక్టర్లు అడ్డం పడి బస్సు ఆగిపోయిన రోజున మాత్రం ఇద్దరూ కలిసి ట్రాక్టరువాణ్ణి తిట్టేవారు.

మనిషి పొట్టి. నల్లగా, గట్టిగా ఉండేది. నోట్లో ఎప్పుడూ అడ్డచుట్ట. నిప్పున్న వైపు లోపలికి పెట్టుకుని కాల్చే ఆ చుట్టని మా పిల్లలందరూ నోరు తెరుచుకుని చూసేవారు. నాలిక ఎందుకు కాలదో, బూడిద ఎక్కడికి పోతుందో ఎవరికీ అంతు చిక్కేది కాదు. చుట్ట నోట్లో ఉండగానే బేరమాడేది, నవ్వేది, తిట్టేది. అయితే నిజంగా కోపమొస్తే మాత్రం చుట్ట బయటికి తీసేది. చుట్ట బయటికొచ్చిందంటే ఎదుటివాడి పని అయిపోయిందన్నమాటే.

ఆవిడకి మనుషులకి చేపల పేర్లు పెట్టే అలవాటు. మా అమ్మ తెల్లగా, వెడల్పు మొహంతో ఉంటుంది కాబట్టి "సందువ". మా బడి హెడ్మాస్టరు గారు సన్నగా పొడుగ్గా ఉండేవారు, ఆయన "సావిడాయి". నేనప్పుడు కొత్తగా ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను, బక్కచిక్కి ఉండేదాన్ని. నాకు "నెత్తళ్లు" అని పెట్టింది. ఒక్కదానికి అన్ని నెత్తళ్లేమిటని అడిగితే "నీలాటోల్లు గుప్పెడుంటే గానీ కూరవదే గుంటా" అంది. గుంటంటే మా వైపు ఆడపిల్ల. ఆ రోజు మా అమ్మ నవ్విన నవ్వు వీధంతా వినపడింది.

మా అమ్మకీ ఆవిడకీ రోజూ యుద్ధమే. అమ్మ మొప్పలు ఎత్తి చూసి మూతి తిప్పేది.

"నిన్నటిది కదే ఇది?"

"నిన్న నువ్వు సూసేవేటి?"

"సూడక్కర్లేదు, కళ్లు సెప్తన్నాయి."

"సేప కళ్లా, నీ కళ్లా? నీయే మసకేసేయి. ఎల్లు, ఎల్లి వడ్డాది సంతలో కొనుక్కో."

ఇలా అరగంట. చివరికి అమ్మ ఆ చేపే తీసుకునేది. ఇంట్లోంచి చెంబుడు మజ్జిగ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేది. ఆవిడ తాగి, మూతి తుడుచుకుని, "గుంటకి వేపి పెట్టు" అని గుప్పెడు రొయ్యలు అమ్మ గిన్నెలో విసిరేది. మర్నాడు మళ్లీ మొదలు.

ముక్కు మూసుకున్నవాళ్లకి మాత్రం ఎంత బతిమాలినా అమ్మేది కాదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు గారి భార్య రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వేలితో చేప చూపించింది. ఈవిడ గోనెపట్టా లాగి గంప మూసేసింది. "ముక్కు మూసుకున్నోల్లకి సేపెందుకమ్మా? ఎల్లి వంకాయి కొనుక్కో" అంది. ఆ ఆఫీసరు గారి ఇంట్లో ఆ తర్వాత చేప వండారో లేదో నాకు తెలీదు.

ఇదంతా జరిగింది ఒక మూలన. బస్టాండుని ఆనుకుని పాత గోడౌన్ ఒకటుండేది. దాని గోడ నీడ మధ్యాహ్నం దాకా నిలిచేది. పక్కనే పంచాయతీ కుళాయి. నాలుగు వీధుల ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి చేప కొనుక్కుని, ఎసరు మరిగే లోపు ఇంటికి పోయేంత దగ్గర. రావికమతం వైపు పోయేవాళ్లు బస్సు దిగి, ఒక చేప కట్టించుకుని ఇంకో బస్సెక్కేవారు. ఇంకెక్కడ కూర్చున్నా అమ్ముడుపోవా అని నేనొకసారి అడిగాను.

"సేపకి కాళ్లుండవే గుంటా. ఎండెక్కితే పాడైపోద్ది. అందుకే జనమే నా కాడికి రావాల. ఈ మూల ఉంటే నా ఇంట్లో గంజుంటాది. ఈ మూల పోతే నాను పోయినట్టే" అంది.

ఆ మూల ఆవిడదని ఏ కాగితమూ లేదు. మా బజారుకి కాగితం అక్కర్లేదు, రాయి చాలు. కూరలమ్మే ఆడవాళ్లు, ఉల్లిపాయలవాళ్లు, కుండలవాళ్లు ఎవరి రాయి వాళ్లు తెచ్చుకుని దాని మీద కూర్చుంటారు. రాయి ఎక్కడుంటే ఆ చోటు ఆ మనిషిది. జ్వరమొచ్చి నెల్లాళ్లు రాకపోయినా, పురిటికి పోయినా, రాయి కదిపేవాడు లేడు. బజారు పన్ను, అదే ఆశీలు, వసూలు చేసేవాడికి కూడా అదే లెక్క. ఈవిడ రాయి నల్లటి పలక రాయి. వాళ్ల ఊరి నుంచి గంపలో పెట్టుకుని మోసుకొచ్చిందట. తుఫాను రోజుల్లో వేటకి పడవలు పోక ఆవిడ రాకపోతే ఆ రాయి అక్కడే ఉండేది. "నాను రాపోతే నా బదులు అది కూకుంటాది" అనేది.

ఇప్పుడు ఆ పెద్దమనిషి సంగతి. మా ఊళ్లో ఒక సేవా క్లబ్బు ఉండేది. దాని ప్రెసిడెంటుకి సిమెంటు కొట్టు. ఆయన పదవి జూన్ నెలాఖరుతో అయిపోతుంది. ఆ లోపల ఇంకో కార్యక్రమం చేస్తే జిల్లాలో ఉత్తమ క్లబ్బని షీల్డు ఇస్తారని ఎవరో ఆయన చెవిన వేశారు. జూన్ ఎనిమిది సముద్ర దినోత్సవమని కూడా ఆ వేసినవాళ్లే వేశారు. మే నెలాఖరులో ఒక సాయంత్రం హెడ్మాస్టరు గారి గదిలో సమావేశం. బడులకింకా వేసవి సెలవులే. నన్ను ఇంటి నుంచి పిలిపించారు.

"టీచరు గారూ, ప్రపంచమంతా సముద్రాల గురించి కంగారు పడిపోతోందండి. మన చోడవరం వెనకబడిపోకూడదు" అన్నాడు ప్రెసిడెంటు.

"మన ఊరికి సముద్రం లేదు కదండీ" అన్నాను.

"అందుకే డాల్ఫిన్ పెడుతున్నాం!"

హెడ్మాస్టరు గారు తల ఊపారు. ఆయన దేనికైనా ఊపుతారు. సిమెంటు డాల్ఫిన్, దాని చుట్టూ చిన్న కొలను, కొలనులో ఫౌంటెను, చుట్టూ పార్కు. కొట్లో గడ్డకట్టడానికి సిద్ధంగా ఉన్న సిమెంటు బస్తాలు ఉన్నాయని ఊరందరికీ తెలుసు. ఎక్కడ పెడుతున్నారని అడిగాను.

"బస్టాండు పక్కన ఆ చేపల కంపు మూల ఉంది చూశారా, అక్కడ. వచ్చేపోయే బస్సులన్నిటికీ కనపడుతుంది."

"అక్కడ ఒకావిడ చేపలమ్ముకుంటోందండీ."

"ఆవిడకే కదండీ సన్మానం!" అన్నాడు. మొహం వెలిగిపోయింది. "మత్స్యకార మహిళకి సన్మానం. ఐడియా నాదే."

చేపల్ని తీసేసి చేప బొమ్మ పెట్టడానికి ఎంత తెలివి ఉండాలో చూడండి! నేను మా అమ్మకి చెప్తే అమ్మ చేతిలో గరిటె పొయ్యి గట్టు మీద కొట్టింది. మర్నాడు ఇద్దరం మూల దగ్గరికి వెళ్లేసరికే ప్రెసిడెంటు, ఇంకో ఇద్దరు అక్కడున్నారు. ఆవిడకి నమస్కారాలు కూడా పెడుతున్నారు.

"నాలుగు రోజులు ఎదురుగా కూర్చోమ్మా. పని అయిపోగానే నీ చోటు నీదే. పైగా నిన్ను స్టేజి ఎక్కిస్తాం" అంటున్నాడు.

వాళ్లు వెళ్లాక అమ్మ అడిగింది. "ఆ సిమెంటోడి మాట నమ్మేవేటే?"

"ఆడ్ని నానేటి నమ్మేది? ఆడు నీల్లలోంచి తీస్తే పొట్ట ఉబ్బించుకునే సేపలాంటోడు. అది కూరకీ రాదు, ఎండబెట్టడానికీ రాదు, పారేస్తాం. నా రాయుంది కదా ఇక్కడ! ఎవడు కదుపుతాడు?"

అదే ఆవిడ చేసిన తప్పు. ఆ తప్పు మా బజారువాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. రాయి ఉంది కదా అని ఆవిడ నిశ్చింతగా రోడ్డుకి అటుపక్క ఎండలో కూర్చుంది. రాయి అంటే ఏమిటో క్లబ్బువాళ్లకి తెలియదని ఆవిడకి తోచనే లేదు.

జూన్ ఎనిమిది రానే వచ్చింది. మృగశిర కార్తె కూడా ఆ రోజే వచ్చింది. ఆ రోజు చేప తినితీరాలని మా అమ్మ పట్టుదల, ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్నదే. ఏడాదిలో ఆవిడకి బాగా అమ్ముడుపోయే రోజు అది. ఆ రోజే ఆవిణ్ణి గంప పక్కన పెట్టించి షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టారు. రోడ్డుకి రెండు వైపులా తెల్లగా బ్లీచింగ్ పౌడరు గీతలు. సెలవుల్లో ఉన్న పిల్లల్ని ఇళ్లకి వెళ్లి పట్టుకొచ్చి అట్టముక్కలతో పీతల్లా, తాబేళ్లలా తయారు చేశాం. ముఖ్య అతిథి ఎంతకీ రాడు. ఎండకి ఒక తాబేలు వాంతి చేసుకుంది. ఆయన వచ్చాక మైకు పట్టుకుని సముద్రంలోకి చెత్త పోకూడదని చాలాసేపు చెప్పాడు. అందరూ కూల్‌డ్రింకు తాగిన ప్లాస్టిక్ గ్లాసులు వెనకాల కాలవలో పడేశారు. ఆ కాలవ గెడ్డలో కలుస్తుంది. గెడ్డ నదిలో కలుస్తుంది. నది ఎక్కడికి పోతుందో నేను చెప్పాలా?

ముసుగు తీశారు. నీలం రంగు డాల్ఫిన్. చేసిన మేస్త్రి అంతకు ముందు ఇళ్ల గేట్ల మీద సింహాలు చేసినవాడు. డాల్ఫిన్‌ని ఏదో క్యాలెండరులో చూశాడట. దీనికీ కోరలు పెట్టాడు. చప్పట్లు కొట్టారు.

హెడ్మాస్టరు గారు మైకులో "సముద్ర పుత్రిక" అని ఆవిణ్ణి పిలిచారు. ఎవర్ని పిలుస్తున్నారో ఆవిడకి తెలీలేదు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. చుట్ట నోట్లోనే ఉంది. రోళ్లు పగిలే ఎండలో శాలువా కప్పారు. ప్రెసిడెంటు పక్కన నిలబడి పళ్లు బయటపెట్టాడు, ఫొటో తీశారు. "సముద్రం గురించి రెండు మాటలు చెప్పమ్మా" అని మైకు ఆవిడ నోటి ముందు పెట్టారు.

ఆవిడ డాల్ఫిన్ కేసి చూడటం లేదు. దాని దిమ్మ చుట్టూ నేల మీద వెతుకుతోంది. చుట్ట బయటికి తీసింది.

"నా రాయేది?"

మైకులో ఆ మాట బస్టాండంతా వినపడింది. ఎవరికీ అర్థం కాలేదు. వెనక నుంచి మేస్త్రి లేచాడు.

"పలక రాయేనా? దిమ్మలో ఎట్టేసేం. సరిగ్గా సరిపోయింది."

కుర్చీల్లో ఉన్నవాళ్లు నవ్వారు. షామియానా బయట ఎండలో నిలబడ్డ కూరగాయల ఆడవాళ్లు నవ్వలేదు. ప్రెసిడెంటు మైకు దగ్గరికి వంగి "దానిదేముందమ్మా, ఇంకో రాయి ఇప్పిస్తాం" అన్నాడు.

"రాయి నానేటి సేసుకోను? నాలుగు దినాలన్నావు. బొమ్మెట్టీసేవు. ఇంక నా మూల నాకిచ్చీ."

"ఇది పార్కమ్మా ఇప్పుడు. రెయిలింగ్ వేస్తాం. మీ చేపలవాళ్లకి గెడ్డ అవతల మాంసం కొట్ల దగ్గర చోటు చూశాం కదా!"

ఆ మాట ఆవిడ వినడం అదే మొదలు. అక్కడికి మనిషన్నవాడు చేప కొనడానికి నడిచిపోడు. అటు బస్సూ లేదు. ఆవిడ ఇంకా ఏదో అనబోతోంది. మైకు తీసేసుకుని బ్యాండు వాయించమన్నారు. శాలువాతో అలాగే నిలబడిపోయింది. ఆ సన్నివేశం తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు పటపటలాడతాయి. మనిషిని పిలిచి, నెత్తిన పూలు చల్లి, అదే చేత్తో అన్నం కుండ తన్నేశారు. తన్నినవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలీదు, పైగా చప్పట్లు కొట్టించుకున్నాడు!

మర్నాడు ఆవిడ ఏమీ జరగనట్టు బస్సు దిగి, గంప దింపి, డాల్ఫిన్ దిమ్మకి వీపు ఆనించి కూర్చుంది. పంచాయతీ మనిషొకడు వచ్చి లెమ్మన్నాడు. పక్కనున్న ఉల్లిపాయలావిడ లేచింది.

"దాని రాయి ఆ దిమ్మలో ఉందా నేదా?"

"ఉంటే?"

"ఉంటే మూల దానిదే. నీకు తెల్దేటి? ఏ ఊరోడివిరా నువ్వు?"

బజారంతా అదే మాట. ఆశీలు కుర్రాడు ఎప్పట్లాగే చీటీ చింపి ఇచ్చాడు. నాలుగు రోజులు అలా సాగింది. మా అమ్మ ఆ నాలుగు రోజులూ చేప కొంది. ఒక్కసారి కూడా మొప్పలు ఎత్తి చూడలేదు. "ఏటి సందువమ్మా, జొరమొచ్చిందేటి, బేరమాడవు?" అని ఆవిడే నవ్వింది. సన్మానపు శాలువాని తడిపి గంప మీద కప్పేది. గోనె కన్నా చల్లగా ఉంచుతోందని మెచ్చుకుంది. గెలిచిందనే అనుకున్నాం.

తర్వాత షీల్డు కోసం జిల్లా నుంచి చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. ఆ ఉదయం ఆవిడ కుళాయి దగ్గర చెయ్యి కడుక్కోడానికి లేచింది. అంతే, తిరిగొచ్చేసరికి గంప తెల్లగా ఉంది. శాలువా మీద, సందుల్లోంచి లోపల చేపల మీద, చుట్టూ నేల మీద బ్లీచింగ్ పౌడరు. జల్లినవాడు బకెట్టు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. నేనూ అమ్మా అప్పుడే గిన్నె పట్టుకుని వస్తున్నాం.

"ఒరే, కళ్లు కనపడ్డం లేదేట్రా? తినే తిండి మీద జల్లుతావేట్రా?" అమ్మ గొంతు చీరుకుపోయింది.

"నన్నేటి సెయ్యమంటావమ్మా? పెద్దోల్లొస్తన్నారు, కంపొచ్చే కాడల్లా జల్లమన్నారు."

"కంపు మనుషుల కాడ్నుంచి వస్తందిరా! ఎల్లి ఆల మీద జల్లు!"

వాడు తల దించుకుని పోయాడు. వాణ్ణి అని ఏం లాభం? చెప్పినవాడు ఎక్కడో చల్లగా కూర్చున్నాడు.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. చుట్ట తీసి నేల మీద నలిపేసింది. శాలువా ఎత్తి చూసింది. కోనాం చేప ఒకటి తీసి, వేలితో తుడిచి, వాసన చూసి, మళ్లీ పెట్టింది. తర్వాత గంప ఎత్తుకుని డాల్ఫిన్ కొలను గట్టు మీద పెట్టి, ఒక్కొక్క చేపా తీసి నీళ్లలో వెయ్యడం మొదలుపెట్టింది. విసరలేదు. అమ్మేటప్పుడు పళ్లెంలో పెట్టినట్టే పెట్టింది. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు స్కూటరు, వెనకాల జీపు వచ్చాయి.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"సంద్రం సేస్తన్నాను" అంది, తల ఎత్తకుండా. "నువ్వు బొమ్మెట్టేవు, నాను సేపలెడతన్నాను. ఇంక నీ సంద్రానికి తక్కువేటి నేదు."

శాలువా కూడా నీళ్లలో వేసింది. ఖాళీ గంప చంకన పెట్టుకుని బస్సెక్కింది. ఎక్కేటప్పుడు కండక్టరు పక్కకి జరిగి దారిచ్చాడు. మధ్యాహ్నానికి ఆ కంపుకి బస్టాండులో ఎవరూ నిలబడలేకపోయారు. కొలను కడగడానికి ఎవరూ ముందుకు రాలేదు. మూడో రోజుకి ఆ చేపల్ని కుక్కలు లాక్కుపోయాయి.

ఆ క్లబ్బుకే షీల్డు వచ్చింది. వస్తుంది మరి! చూడ్డానికొచ్చినవాళ్లు ముక్కుకి రుమాళ్లు కట్టుకుని జీపులోంచే చూసి, టిఫిను చేసి వెళ్లారు. సన్మానం ఫొటో జతచేశారట, అది బాగా పనిచేసిందట. ప్రెసిడెంటు దాన్ని అద్దం కట్టించి కొట్లో తగిలించాడు. ఊళ్లో మర్యాదస్తులేమన్నారంటారా? "చేపలవాళ్లు అంతేనండీ, ఎంత గౌరవమిచ్చినా నిలబెట్టుకోలేరు" అన్నారు. ఈ మాట మా స్టాఫు రూములోనే అన్నారు. నేను నోరు చేసుకున్నాను. ఆ నెల నుంచి ఆ గదిలో నాకు టీ పొయ్యడం మానేశారు. పోతే పోనీ.

డాల్ఫిన్ చుట్టూ రెయిలింగ్ వేశారు. ఆవిడ మరి రాలేదు. అమ్మ ఒకసారి గెడ్డ దాటి మాంసం కొట్ల దాకా నడిచి చూసింది. ఎవరో ఐసుపెట్టెలోంచి తీసిచ్చిన చేప తెచ్చి, వండి, నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. ఆ తర్వాత మా ఇంట్లో చేప వండలేదు.

సముద్ర దినోత్సవం మాత్రం మా బడికి అలవాటైపోయింది. కొన్నేళ్ల తర్వాత ఒక జూన్‌లో పిల్లల్ని బస్సులో ఎక్కించి సముద్రం వైపు ఒక రొయ్యల షెడ్డు చూపించడానికి తీసుకెళ్లారు. మత్స్య సంపద మీద అవగాహనట. పొడవాటి రేకుల షెడ్డు. లోపల ఐసు గుట్టలు. బల్లలకి రెండు వైపులా ఆడవాళ్లు బారులు తీరి నిలబడి రొయ్యల తలలు తుంపి, పొట్టు తీస్తున్నారు. కూర్చోడానికి ఏమీ లేదు. సూపర్‌వైజరు పిల్లలకి ఎగుమతుల గురించి చెప్తున్నాడు. పిల్లలు ముక్కులు మూసుకున్నారు.

ఆ వరసలో ఆవిడుంది.

నేనే ముందు చూశాను. చిక్కిపోయింది. వేళ్లు ఐసులో నాని తెల్లగా ఉబ్బి, గోళ్ల పక్కన చీలిపోయాయి. దగ్గరికి వెళితే గుర్తుపట్టింది.

"టీచరు గుంటవి కదే! మీయమ్మ బాగుందా? సేపలెక్కడ కొంతంది?"

"కొనడం లేదు. మానేసింది."

"మానేత్తే ఎలాగ? మడిసి నీరసించిపోద్ది" అని కసురుకుంది. చేతులు ఆగలేదు.

ఎవరికి ఏ చేప ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తనే తేల్చిన మనిషి! ఇక్కడ ఎవడో అడిగినన్ని తలలు తుంపుతోంది. నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

"ఎందుకిక్కడ చావడం? మా ఊరు వచ్చెయ్యి. అందరూ నిన్నే అడుగుతున్నారు. రేపే వచ్చెయ్యి" అన్నాను.

ఆవిడ చేతులు ఆగాయి. మొహంలో ఒక్కసారిగా వెలుగొచ్చింది. నేనేదో చోటు కనుక్కునే వచ్చాననుకుంది.

"వత్తాను. ఎక్కడ కూకోమంటావు?"

వేళాకోళం కాదు, దెప్పడం కాదు. నిజంగానే అడిగింది. చెప్తే మర్నాడు తొలి బస్సుకి దిగిపోయేది. నేను నోరు తెరిచాను. ఊరంతా మనసులో గబగబా తిరిగాను. బస్టాండు, బజారు, పెద్ద రోడ్డు, సినిమా హాలు సందు, పంచాయతీ ఆఫీసు ముందు. నాయకుల విగ్రహాలకి చోటుంది, వాటి చుట్టూ గడ్డికి చోటుంది, రోడ్డు మీదికి దిగిన సిమెంటు బస్తాలకి చోటుంది. ఆవిడ చేతిలో రొయ్య పట్టుకుని నా నోటి కేసే చూస్తోంది. వెనక నుంచి సూపర్‌వైజరు మాటలాపమని అరిచాడు. ఆవిడ ఇంకాసేపు అలాగే చూసి, ఐసులోకి చెయ్యి పెట్టింది.